గడ్డ తీశాక రిపోర్టులో ఏం చూడాలి?

ప్రశ్న: మా నాయనకు ఊపిరితిత్తిలో 3.5 సెం.మీ. క్యాన్సర్ గడ్డ ఉంటే ఆ లోబ్ (ఊపిరితిత్తిలో ఆ భాగం) తీసేశారు. లోపలి లింఫ్ గ్రంథి ఒకదానిలో క్యాన్సర్ ఉందట, తీసిన ముక్క అంచులు మాత్రం శుభ్రమట (అక్కడ క్యాన్సర్ లేదట). మళ్లీ వస్తుందా?
– ఓ పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అంచులు శుభ్రంగా ఉండటం మంచి మాటే. కానీ గ్రంథికి పాకింది కాబట్టి ఇది 2బి దశ. సెంటీమీటరు లోపు గడ్డ, గ్రంథులు శుభ్రం అయితే ఐదేళ్లు దాటేవారు నూటికి 90 మంది దాకా ఉంటారు. 2బిలో సగం కంటే కాస్త ఎక్కువ. ఇవి కొత్త మందులు రాకముందు లెక్కలు.

బయాప్సీ రిపోర్టు తీయండి. ఛాతీ మధ్యలో కనీసం 3 చోట్ల, ఊపిరితిత్తి మొదట్లో 1 చోట గ్రంథులు తీసి చూశారా? తక్కువ తీస్తే, ‘మిగతా చోట్ల లేదు’ అన్న మాటకు బలం తక్కువ. ఊపిరితిత్తి పైపొరలోకి, రక్తనాళాల్లోకి పాకిందని రాసుంటే ముప్పు పెరుగుతుంది.

తీసిన ముక్కను మైనపు దిమ్మెలో భద్రపరుస్తారు. దానిపైనే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే (క్యాన్సర్ కణాల జన్యువుల్లో మార్పులు), పీడీ-ఎల్1 (ఆ కణాలపై ఉండే ప్రొటీన్) పరీక్షలు చేయించండి. చాలామంది వదిలేసేది ఇదే! ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉంటే ఒసిమెర్టినిబ్ మాత్ర 3 ఏళ్లు ఇస్తారు. ఈ దశలో మామూలుగా సిస్‌ప్లాటిన్‌తో 4 విడతల కీమో ఉంటుంది. కిడ్నీలు, వినికిడి ముందే చూస్తారు.

బీడీ అలవాటుంటే పూర్తిగా మానాలి. మొదటి 2-3 ఏళ్లు ఆరు నెలలకోసారి, తర్వాత ఏటా సీటీ తీయించండి. దగ్గులో రక్తం, తగ్గని తలనొప్పి, ఎముకల నొప్పి వస్తే తర్వాతి సీటీ తేదీ దాకా ఆగొద్దు.