బొమ్మకు గంట కూలీ ఎంత, మాస్టారూ?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ చదివాను. ఎంవీపీ కాలనీలో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని, జీతం 24,000. నా భార్యకు 18,000 వస్తుంది. ఒక పాప. ఇంటి ఖర్చు నెలకు 38,000. గత ఎగ్జిబిషన్ కోసం తీసుకున్న గోల్డ్ లోన్ ఇంకా 1,10,000 ఉంది. ఫిషింగ్ హార్బర్ బొమ్మలు వేస్తాను. ఒక్కోదానికి 40 గంటలు, సామాను 3,000. ధర 22,000, అందులో 35 శాతం గ్యాలరీకి. పది వేస్తే నాలుగు అమ్ముడవుతాయి. ఇప్పుడు బీచ్ రోడ్డులో ఒక కొత్త హోటల్ గదులకి 45 బొమ్మలు అడిగారు. ఒక్కోటి 10,000, ఐదు నెలల గడువు, 30 శాతం అడ్వాన్సు. చిన్నవే, 14 గంటల్లో అయిపోతాయి. కాకపోతే సోఫాలకి మ్యాచ్ అయ్యేలా అన్నీ నీలంలోనే ఉండాలట. ఇది కళ కాదు, గోడలకి సున్నం కొట్టడం అంటున్నారు స్నేహితులు. ఒప్పుకోమంటారా? ఆ డబ్బుతో ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో సోలో షో పెట్టుకోవచ్చా?

జవాబు: మాస్టారూ, మీ స్నేహితుల మాట కాసేపు పక్కన పెడదాం. ఆ గోల్డ్ లోన్ వడ్డీ కడుతున్నది వాళ్లు కాదు కదా.

మీరు రాసిన అంకెలతోనే లెక్క కట్టాను. మీ హార్బర్ బొమ్మ అమ్ముడైతే గ్యాలరీ 7,700 పట్టుకుని 14,300 మీ చేతికిస్తుంది. నాలుగు అమ్మితే 57,200. కానీ వేసింది పది, పదికీ సామాను కొన్నారు. ఆ 30,000 తీసేస్తే మిగిలేది 27,200. పది బొమ్మలకి మీరు కూర్చున్నది 400 గంటలు. అంటే గంటకు 68 రూపాయలు.

హోటల్ ఆర్డరు 4,50,000. కాన్వాసు, రంగులు, వార్నిష్ కలిపి బొమ్మకి 1,400, ఫ్రేము 1,600, ఆటో కూలీ వగైరా 200 అనుకుందాం. మొత్తం ఖర్చు 1,44,000. మిగిలే 3,06,000ని 630 గంటలకి పంచితే గంటకు 485 పైనే వస్తుంది. స్నేహితులు సున్నం అంటున్న పని, మీరు కళ అంటున్న దానికంటే ఏడు రెట్లు ఎక్కువ ఇస్తోంది. అంతమాత్రాన హార్బర్ బొమ్మలు మానేయమని కాదు. ఇన్నాళ్లూ వాటికి జీతం ఇచ్చి పోషిస్తున్నది మీ స్కూలు ఉద్యోగమని మాత్రం తెలుసుకోండి.

మా చిన్నాన్న విజయనగరం వైపు హరికథలు చెప్పేవారు. కథకి ఇంత అని నోరు తెరిచి అడగలేకపోయేవారు. సన్మానం చేసి శాలువా కప్పి పంపేవాళ్లు. బీరువా నిండా అవే. ఒకరోజు పిన్ని ఒక శాలువా మడత విప్పి, "దీన్ని పట్టుకెళ్లి కొట్లో ఇస్తే కిలో కందిపప్పు ఇస్తాడేటి?" అంది. ఆయన నవ్వేశారు. ఆవిడ నవ్వలేదు. డబ్బు లెక్కల సలహాలు చెప్పే ఈ వృత్తిలోకి నేను రావడానికి ఆ శాలువాలూ ఒక కారణం.

ఇక ఆర్డరు మీద వేసిన బొమ్మ తక్కువదా అంటే, అది తేల్చడం నా పని కాదు. మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి బొమ్మలు మనలో చాలామంది చూసింది చందమామ, యువ అట్టల మీదే. పత్రిక సైజుకి, పత్రిక గడువుకి వేసినవవి. వాటిని ఎవరైనా సున్నం అన్నారా?

నాకు భయమల్లా ఒప్పందం కాగితం గురించే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఒకరు డబ్బిచ్చి అడిగి వేయించుకున్న పెయింటింగ్‌కి కాపీరైట్ వేయించుకున్నవారిదే, వేరేలా రాసుకోకపోతే. చాలామంది ఆర్టిస్టులు దీనికి సరిగ్గా ఉల్టా అనుకుంటారు. రేపు మీ పడవల్ని క్యాలెండర్ల మీద, కప్పుల మీద అచ్చేసి హోటల్ వాళ్లు అమ్ముకున్నా మీరు అడగలేరు. అందుకని "కాపీరైట్ చిత్రకారుడిదే, హోటల్‌కి గదుల్లో ప్రదర్శించే హక్కు మాత్రమే" అని ఒక వాక్యం రాయించుకోండి. కాదంటే ధర పెంచమనండి. హక్కు ఎవరిదైనా, బొమ్మని పాడుచేసి మీ పేరుకి మచ్చ తెస్తే అడిగే అధికారం మీకు ఉంటుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో చేసిన మ్యూరల్‌ని, అంటే గోడ శిల్పాన్ని, 1979లో ప్రభుత్వం పీకేసి గోడౌన్లో పడేస్తే ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మ్యూరల్ తిరిగి ఇప్పించి, 5 లక్షలు పరిహారం కట్టమంది. న్యాయం దక్కింది గానీ ఎన్నేళ్లు పట్టిందో చూడండి.

అడ్వాన్సు కూడా చాలదు. 30 శాతం అంటే 1,35,000. మీ సామాను ఖర్చే 1,44,000. అంటే మొదటి రోజు నుంచే హోటల్‌కి అప్పిచ్చినట్టు. 40 శాతం అడగండి, సగం బొమ్మలు ఇచ్చినప్పుడు 30, చివరి లాటు దించేటప్పుడు 30. గోడకి తగిలించాక డబ్బు వసూలు చేయడం కష్టం. చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఈ వారమే చేయించుకోండి, ఉచితం. దాని కింద కొనుగోలుదారు ఎంత సాగదీసినా 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ.

ఇంకో మాట. డాబాగార్డెన్స్‌లో నా ఆఫీసు గోడకి ఒక సముద్రం బొమ్మ ఉంది. మూడేళ్లకే వెనక కొట్టిన పిన్నులు తుప్పు పట్టి, ఆ ఎర్ర మరక అంచు నుంచి ఆకాశంలోకి పాకింది. మీ బొమ్మలు ఉండబోయేది బీచ్ రోడ్డులో, ఉప్పు గాలిలో. స్టెయిన్‌లెస్ పిన్నులు వాడండి. బొమ్మ అప్పజెప్పాక తేమ వల్ల పాడైతే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోండి.

పన్ను గురించి టెన్షన్ వద్దు. జీతం, ఆర్డరు మిగులు కలిపి ఆరు లక్షల లోపే. కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు ఉంది, అంటే పన్ను పడదు. హోటల్ వాళ్లు టీడీఎస్ అని పన్ను ముందే కోస్తే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి. ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటవు కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే వేరే రాష్ట్రానికి బొమ్మలు పంపేటప్పుడు రూల్సు వేరు. హైదరాబాద్ అంటున్నారు కాబట్టి ముందు ఆడిటర్ని అడగండి.

ఉద్యోగం మాత్రం మానకండి. ఈ ఆర్డరుకి వారానికి 30 గంటలు పడుతుంది, ఆదివారాలు పోతాయి, ఒళ్లు హూనమవుతుంది, తెలుసు. అయినా ఒక్క హోటల్ ఆర్డరు జీతం కాదు. రాజా రవివర్మ అంతటివాడు 1894లో బొంబాయిలో సొంత ప్రెస్సు పెట్టి, దేవుళ్ల బొమ్మలు ఇంటింటికీ చేర్చి కూడా, అప్పులు పెరిగి చివరికి దాన్ని అక్కడే పనిచేసిన జర్మన్ టెక్నీషియన్‌కి అమ్మేశారు.

చేతికొచ్చే 3,06,000లో ముందు గోల్డ్ లోన్ తీర్చి నగలు ఇంటికి తెచ్చుకోండి. మిగిలే 1,96,000లో 1,50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్, సుమారు నాలుగు నెలల ఖర్చు. దాన్ని షో కోసం ముట్టుకోవద్దు. చివరి 46,000 హార్బర్ బొమ్మలకని వేరే ఖాతాలో. ఇకపై ప్రతి ఆర్డరులో పదో వంతు ఆ ఖాతాలో వేస్తూ పోండి. సోలో షో సంగతి అది నిండాక చూద్దాం. మళ్లీ నగలు కుదువ పెట్టి పెట్టే షో అయితే వద్దు.

అన్నట్టు, మీ ఉత్తరంలో ఫ్రేముల మాట ఎక్కడా లేదు. నేను మీ మీదే వేసి లెక్క కట్టాను. అవి హోటల్ వాళ్లవైతే మీకు 72,000 మిగిలి, గంటకు 600 పడుతుంది. వాళ్లకి ఫోన్ చేసినప్పుడు ముందు అదే అడగండి.