విశ్వాసం ఉంటే బుగులు ఎందుకైతుంది అని అడిగిన చెల్లెకు

నకిరేకల్ దగ్గర ఒక ఊరి నుంచి ఒక చెల్లె రాసింది. భర్త హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద డీసీఎం వ్యాన్ నడుపుతడట, వానకాలంల ఒక రాత్రి ఆయన కండ్ల ముందే పెద్ద యాక్సిడెంట్ అయిందట, ఆయనకేం కాలేదు గానీ ఆ ముచ్చట విన్నకాడినుంచి ఈమెకు అర్ధరాత్రి గుండె దడ, చెమటలు, పానం పోతున్నట్టే ఉంటదట. ఈసీజీ నార్మల్ వచ్చింది, మానసిక డాక్టర్ గోలీలు రాసిండు. అత్తమ్మనేమో "గోలీలెందుకు, నీకు విశ్వాసం తక్కువైంది, మూడు దినాలు ఉపవాసముండు" అంటుందట. గోలీ ఏసుకుంటే దేవున్ని నమ్మనట్టా అక్కా అని అడుగుతుంది.

ఏసుకో చెల్లె. దాని మీద నాకు ఇంకో మాట లేదు. ఈ రకం మందులు చానామట్టుకు పని మొదలుపెట్టనీకె రెండు మూడు వారాలు పడతది, నాలుగు రోజులేసి తేడా లేదని బంజేస్తే లాభముండదు, నడుమ సడన్‌గ ఆపితే ఇబ్బంది కూడా అయితది, ఆపాల్నంటే ఆ డాక్టర్‌నే అడుగు. బైబిల్‌ల అపొస్తలుడు పౌలుతోని తిరిగిన లూకా వైద్యుడే కదా, పౌలే ఆయన్ని ప్రియమైన వైద్యుడు అని రాసిండు, ఇంకెందుకు డౌటు.

ఇగ విశ్వాసం తక్కువైందా అన్నదానికి వస్తా. 56వ కీర్తన మూడో వచనం తీసి చూడు, "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అని ఉంటది. భయమే రాదు అని దావీదు చెప్పుకోలే, వచ్చిన రోజు ఎవరి దగ్గరికి పోతడో చెప్పిండు. యేసు పుట్టిన రాత్రి గొర్రెల కాపరులకు దూత "భయపడకుడి" అన్నది కూడా వాళ్లు అప్పటికే గడగడ వణుకుతున్నరు కాబట్టే, అది ధైర్యం చెప్పుడు, తిట్టుడు కాదు, మనోళ్లు కొందరు దాన్ని తిట్టు లెక్కనే వాడతరు. 88వ కీర్తనైతే మొదటినుంచి కడదాక ఏడుపే, చీకట్లనే అయిపోతది, అయినా దాన్ని బైబిల్‌లకెళ్లి తీసెయ్యలే ఎవరు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటల యేసుప్రభువే కలవరపడి ముగ్గురు శిష్యుల్ని మెలకువగ ఉండుమని అడిగిండు, ఒక్కణ్ణే ఉంటా అనలే. నిన్ను మాత్రం ఒక్కదానివే గెలువుమంటే ఎట్ల?

ఉపవాసం ఇప్పుడొద్దు. నిద్ర లేక, తిండి తగ్గి, పైనుంచి గోలీలు, దాని మీద మూడు దినాలు కడుపు మాడితే దడ ఇంకింత పెరుగుతది. ప్రవక్త ఏలీయా యెజెబెలు రాణికి భయపడి పారిపోయి చెట్టు కింద కూసొని చావే మేలు అన్నప్పుడు దేవుడు ఆయనకు క్లాస్ పీకలే, పండుకోనిచ్చిండు, దూతతోని రొట్టె నీళ్లు పెట్టించిండు, అదీ రెండుసార్లు. ఈ ముచ్చట మీ అత్తమ్మకు కూడా చెప్పు, కానీ కొట్లాట లెక్క కాదు. రోడ్డు మీద తిరిగేది ఆమె కొడుకే కదా, ఆమెకు బుగులు లేదనుకుంటున్నవా? ఆమె దాన్ని నీ విశ్వాసం మీద కోపం చేసి బయటికి తీస్తుందేమో అని నా అనుమానం. రాత్రి పండుకునే ముందు "అత్తమ్మా నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్" అని అడిగి చూడు, ఇద్దరికీ పనికొస్తది.

దడ వచ్చినప్పుడు లేచి కూసో. అది ఒక్కసారే పెరిగి చానామట్టుకు పది నిమిషాలల్ల పైకి పోయి మళ్ల దిగుతది, ఈసీజీ బాగుంది కాబట్టి చానామట్టుకు పానం తీసే దడ కాదని యాదుంచుకో. శ్వాస లోపలికి తీసుకుంట "యెహోవా నా కాపరి" అను మనసుల, ఇంకా మెల్లగ వదులుకుంట "నాకు లేమి కలుగదు" అను, అట్ల ఒక ఇరవైసార్లు. చిన్నప్పటిసంది నోటికి వచ్చిన మాట కాబట్టి ఆలోచించే పని లేదు, ఆ టైంకు కొత్త ప్రార్థన కూర్చుకునే ఓపిక యాడుంటది. శ్వాస వదిలేది నిదానమైతే గుండె కూడా నిదానమైతది, అది ఒంటి లెక్క, వాక్యం ఉంటే మనసు కూడా ఒక చోట నిలబడతది.

ఇంకొకటి నువ్వు రాసిందాంట్ల నాకు భయమేసింది, ఆయనకు అర్ధగంటకోసారి ఫోన్ చేస్తున్నవంట. నడిపే మనిషికి ఫోన్ చేసుడే డేంజర్. పైగా ప్రతి ఫోన్‌కు నీకు అయిదు నిమిషాలే నిమ్మళం, తర్వాత మళ్ల కావాలె. ఆయనతోనే మాట్లాడుకోండి, చాయ్‌కు ఆగినప్పుడు, కొర్లపహాడ్ టోల్ దాటినంక ఎక్కడన్న బండి పక్కకు పెట్టి ఆయనే ఒక మెసేజ్ పెడతడు, నడుమ నువ్వు చెయ్యవు. మొదటి నాలుగు రాత్రులు కష్టమే. వాట్సాప్‌ల యాక్సిడెంట్ వీడియోలు, రాత్రిపూట అంత్యదినాల ప్రసంగాలు రెండూ కొన్ని నెలలు బంద్.

చర్చిల స్త్రీల కూటంల అందరికీ చెప్పకున్నా మంచిదే, నోరు జారని ఒక్క అక్కకు చెప్పు, అర్ధరాత్రి మిస్డ్ కాల్ ఇస్తే లేచేటామె అయితే ఇంకా మంచిది. బతకబుద్ధి కావట్లేదు అనే ఆలోచన ఎప్పుడన్న వస్తే ఆగకుండ 14416కు ఫోన్ చెయ్, అది మనసు బాధలకు సర్కారు పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్, ఫ్రీ, రాత్రి పగలు ఉంటది, తెలుగుల మాట్లాడతరు.

బిడ్డ కూడా లేచి "డాడీ వస్తడా" అని అడుగుతుంది, ఏం చెప్పాలె అన్నవ్. ఏం కాదు ఏం కాదు అని ఒట్లు పెట్టకు. "డాడీ సూర్యాపేటల చాయ్ తాగిండు, పొద్దుగాల వస్తడు, నువ్వే ఆయన కోసం ప్రార్థన చెయ్" అని దానికే అప్పజెప్పు, అది ఏం అన్నా సరే, డాడీకి చాక్లెట్ తెమ్మని చెప్పు ప్రభువా అన్నా సరే, నడుమ ఆపి దిద్దకు.