‘పై నుంచి ఆదేశాలు’ అంటే చట్టం కాదు

ప్రశ్న: నేను అంగన్‌వాడీ కార్యకర్తను, మా సంఘానికి మండల బాధ్యురాలిని. గౌరవ వేతనం పెంచాలని ‘చలో కలెక్టరేట్’కు పిలుపునిచ్చాం. ఆ రోజు ఇంకా తెల్లవారకముందే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి మా గేటు దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఇద్దరూ మగవారే. సాయంత్రం ఆరు దాకా నన్ను గడప దాటనివ్వలేదు. కాగితం చూపించమంటే ‘పై నుంచి ఆదేశాలమ్మా, హౌస్ అరెస్టు’ అన్నారు. నా మీద ఏ కేసూ లేదు. వాళ్లకు ఈ అధికారం ఉందా? వచ్చే నెల మళ్లీ కార్యక్రమం ఉంది. ఏం చేయాలి?

జవాబు: లేదమ్మా. ‘హౌస్ అరెస్టు’ అన్న మాట పత్రికల్లో తరచూ కనిపిస్తుంది కాబట్టి అదీ ఒక సెక్షనే అనుకుంటాం. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొత్తం తిరగేసినా, పోలీసులు తమంతట తాము ఒక మనిషిని సొంత ఇంట్లో నిర్బంధించవచ్చని ఎక్కడా లేదు. 2021లో గౌతమ్ నవలఖా కేసులో సుప్రీంకోర్టు గృహ నిర్బంధం గురించి మాట్లాడింది నిజమే. అయితే తగిన కేసుల్లో కోర్టులు అలా ఆదేశించవచ్చని చెప్పింది. స్టేషన్‌కు వచ్చిన ఒక ఫోను కోర్టు ఆదేశం కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘పై నుంచి’. చట్టం వద్దనని పని ఏదైనా చేసుకునే స్వేచ్ఛ మీకూ నాకూ ఉంది. అధికారి విషయంలో ఇది తిరగబడుతుంది. చట్టం చేయమన్నదే ఆయన చేయాలి. అందుకే అధికారం వాడిన ప్రతిచోటా ఒక సెక్షన్, ఒక తేదీ, ఒక సంతకం ఉండాలి. సంతకం పెట్టినవారు రేపు కోర్టులో జవాబు చెప్పుకోవాలి. మీకు కాగితం ఇవ్వనిది మరచిపోయి కాదు, దాని మీద రాయడానికి సెక్షన్ లేక.

ఇలాంటప్పుడు పోలీసులు ముందుగా ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’ అంటారు. 1861 నాటి పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ రోడ్ల మీద సభలను, ఊరేగింపులను నియంత్రించడానికి, అనుమతి తీసుకోమనడానికి ఉంది. మీ గడప దాని పరిధిలోకి రాదు. రోడ్డు మీద కూడా దానికి హద్దుంది. 2022 డిసెంబరులో కందుకూరులో, 2023 జనవరి 1న గుంటూరులో తొక్కిసలాటల్లో జనం చనిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సెక్షన్ పేరుతోనే జీవో నంబరు 1 తెచ్చి రోడ్ల మీద సభలను కట్టడి చేసింది. ప్రాణాలు పోయాక వచ్చిన ఉత్తర్వే అయినా, 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఇక నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 163, అంటే జనం గుమికూడకుండా నిషేధాజ్ఞలు పెట్టే పాత 144. దానికి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అలాంటి ఉత్తర్వులను ప్రజలకు తెలిసేలా ప్రచురించాలని 2020లో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కాస్త బలమున్నది అదే సంహితలోని సెక్షన్ 170, పాత 151. మీరు కేసు పెట్టదగిన నేరానికి సిద్ధమవుతున్నారని పోలీసు అధికారికి తెలిసి, అరెస్టు తప్ప దాన్ని ఆపే దారి లేదనిపిస్తే, ముందస్తుగా అరెస్టు చేయవచ్చు. అదీ 24 గంటలకు మించకుండా. ఈ రెండు షరతులూ లేకుండా ఆ అధికారం వాడితే ప్రాథమిక హక్కుల ఉల్లంఘన కింద వారి మీద కోర్టుకు వెళ్లవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వబోవడం నేరం కాదు. పైగా అది అరెస్టే అయితే కారణం చెప్పాలి, అరెస్టు వివరాల కాగితం, అంటే అరెస్టు మెమో రాయాలి, మీ వాళ్లకు తెలియజేయాలి. సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా పోలీసు అధికారి ఉండాలి, ఆమె ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. మీ గేటు దగ్గర వీటిలో ఏదీ లేదు.

ఈ పోరాటం ఈనాటిది కాదు. ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ వాసిని 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊరి చౌకీదారు, కానిస్టేబుళ్లు రాత్రిళ్లు ఆయన తలుపు తట్టి, కేకలు వేసి నిద్ర లేపేవారు. అడిగితే పోలీసు నిబంధనలని చెప్పేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలను రద్దు చేసింది. అవి ప్రభుత్వం తన సిబ్బందికి ఇచ్చుకున్న సూచనలే గానీ చట్టం కావని చెప్పింది. ఆ నిబంధనలు కనీసం అచ్చులో ఉన్నాయి. మీ విషయంలో అదీ లేదు.

జమ్మూ కశ్మీర్ ఎమ్మెల్యే భీమ్ సింగ్ కేసు మీకు మరీ దగ్గరిది. 1985 సెప్టెంబరులో శాసనసభ సమావేశాలకు శ్రీనగర్ బయల్దేరిన ఆయనను దారిలో పోలీసులు పట్టుకున్నారు. ఎక్కడున్నారో తెలియక ఆయన భార్య సుప్రీంకోర్టును ఆశ్రయించారు. మనిషిని మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టకుండానే రిమాండు తీసుకున్నారని తేలింది. కోర్టు పోలీసులను తీవ్రంగా తప్పుపట్టి రూ.50,000 పరిహారం ఇప్పించింది. సభకు వెళ్లకుండా ఒక మనిషిని ఆపడం అక్కడా ఇక్కడా ఒకటే.

అత్యవసర పరిస్థితిలో అక్రమంగా నిర్బంధించినా కోర్టుకు వెళ్లే వీల్లేదని 1976లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆ తర్వాత 44వ సవరణ వచ్చింది. ఇప్పుడు అత్యవసర పరిస్థితి ప్రకటించినా జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21వ అధికరణం అమలును ఆపలేరు. రాష్ట్రపతి ఉత్తర్వుతోనే తీసేయలేని హక్కును కానిస్టేబుల్ నోటిమాటతో తీసేస్తారా? ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ పని చేస్తోంది, ప్రతిపక్షంలోకి వెళ్లాక అదే పార్టీ ఖండిస్తోంది. ఇన్నేళ్లుగా చూస్తున్న నాకు ఇది బాధగా ఉంటుంది.

ఇక వచ్చే నెల సంగతి. కార్యక్రమానికి అనుమతి కోరుతూ ఇప్పుడే స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. నిరాకరించినా, జవాబు ఇవ్వకపోయినా హైకోర్టులో రిట్, అంటే హక్కుల కోసం నేరుగా వేసే పిటిషన్ వేయవచ్చు. షరతులతో అనుమతి వచ్చే అవకాశం ఉంటుంది. ఆ ఉదయం మళ్లీ గేటు దగ్గరికి వస్తే ఒక్కటే అడగండి: ‘నేను అరెస్టులో ఉన్నానా? ఉంటే మెమో ఇవ్వండి, లేకపోతే దారి ఇవ్వండి.’ దారి ఇవ్వకపోతే తోసుకుని వెళ్లకండి. విధులకు ఆటంకం కలిగించారని మీ మీదే కేసు పెడతారు. ఫోనులో వీడియో తీయించి, లాయరుకు ఫోను చేయండి. అత్యవసరమైతే లంచ్ మోషన్‌గా అదే రోజు విచారణ కోరవచ్చు.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో ‘అక్కడ మా సిబ్బంది ఎవరూ లేరు’ అని పోలీసులు కౌంటరు వేశారు. మధ్యాహ్నం ఎండకు తాళలేక ఆ ఇంటివారు ఇచ్చిన మజ్జిగ తాగి కానిస్టేబుల్ గ్లాసు తిరిగిస్తుండగా పిల్లవాడు తీసిన ఫోటో మా దగ్గర ఉంది, దాని మీద సమయంతో సహా. అది చూపగానే ప్రభుత్వ న్యాయవాది వాయిదా అడిగారు.

జరిగిపోయిన దానికీ దారి ఉంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్‌లో అక్రమ నిర్బంధానికి ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, భవనం గుమ్మాల దగ్గర ఆయుధాలతో మనుషుల్ని నిలబెట్టి, బయటికి వస్తే కాలుస్తామనడం. మీ గేటు దగ్గర తుపాకులు లేకపోయినా, గీత దాటనివ్వకపోవడమే ఆ నేరానికి మూలం. ఏడాది దాకా జైలుశిక్ష పడే నేరం కనుక, జరిగిన ఏడాదిలోపే ఫిర్యాదు చేయాలి. అయితే విధుల్లో ఉన్నవారిపై విచారణకు ప్రభుత్వ అనుమతి కావాలన్న వాదన ఎదురై, కేసు ఏళ్లు సాగుతుంది. అందుకే నేనైతే నిర్బంధం అక్రమమని ప్రకటించాలని, పరిహారం ఇప్పించాలని హైకోర్టులో రిట్ వేయమంటాను. దానికి ముందు సమాచార హక్కు చట్టం కింద ఆ రోజు స్టేషన్ జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజూ జరిగినవి రాసే పుస్తకం) ప్రతిని, ఆ ఇద్దరినీ మీ ఇంటికి పంపిన ఆదేశం ప్రతిని అడగండి. ఆదేశమే లేదని జవాబు వస్తే అదే మీకు గట్టి సాక్ష్యం.

మీ ఉత్తరంలో తేదీ లేదు. ఏ రోజు, ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, భుజం మీద ఏ నంబరు ఉంది అన్నవి గుర్తున్నంతవరకు ఈ రాత్రే ఒక కాగితం మీద రాసి, చూసిన ఇరుగుపొరుగు ఇద్దరితో సంతకం చేయించి ఉంచండి.