పరుగు ఆపితే జబ్బు తిరగబెడుతుందేమోనని భయం

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. రెండున్నరేళ్లు చికిత్స చేయించాం. అది పూర్తయి మూడేళ్లయింది. ఇప్పుడు బాగున్నాడు, ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. చికిత్స ముగిసిన ఏడాదే పిల్లల క్యాన్సర్ కోసం విరాళాలు సేకరించడానికి 10 కిలోమీటర్లు పరుగెత్తాను. అంతకుముందు బస్సు కోసం కూడా పరుగెత్తి ఎరగను. తర్వాత హాఫ్ మారథాన్, ఆపైన 100 కిలోమీటర్ల సైకిల్ యాత్ర. ఇప్పుడు ఫుల్ మారథాన్‌కు పేరిచ్చాను. మోకాలి నొప్పికి డాక్టర్ ఆరు వారాలు పరుగు ఆపమన్నారు. నేను ఆపలేదు. మావారు "ఇంకెన్నాళ్లిది?" అంటున్నారు. పద్నాలుగేళ్ల మా అమ్మాయి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. మొన్న బాబు "ప్రతిసారీ నా గుండు ఫోటో ఎందుకు పెడతావమ్మా?" అని అడిగాడు. ఇప్పటికీ వాడు నిద్రపోయాక ఫోన్ లైటు వేసి కాళ్ల మీద కమిలిన మచ్చలున్నాయేమోనని చూస్తాను. ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. పరుగు ఆపితే వాడికి జబ్బు తిరగబెడుతుందేమోనని భయం. అర్థం లేని భయమని తెలుసు, అయినా పోవడం లేదు. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ మాట చెప్పి, తర్వాతే మిగతాది మాట్లాడతాను.

ఈ పని ఎంత అవసరమో రెండున్నరేళ్లు ఆసుపత్రి చుట్టూ తిరిగిన మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, టీనేజర్లు క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాల్లో వాళ్లలో 80 శాతానికి పైగా నయమవుతుంటే, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా బయటపడటం లేదు. జబ్బు ఒకటే. త్వరగా గుర్తించడం, మందులు అందడం, డబ్బు లేక చికిత్స మధ్యలో ఆగిపోకుండా చూడటం, తేడా ఎక్కువగా ఇక్కడే వస్తోంది. మీరు సేకరించిన డబ్బు పనికొచ్చేదీ ఇక్కడే.

కానీ మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు వేరు. చికిత్స జరిగినన్నాళ్లూ మీకు చేతినిండా పని. వేళకు మాత్ర, వేళకు రక్త పరీక్ష. థర్మామీటర్ 100.4 చూపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగు. ఒకరోజు డాక్టర్ "ఇక మందులు అక్కర్లేదు" అన్నారు. అందరూ సంబరపడ్డారు. చాలామంది తల్లులు ఆ రాత్రే ఎక్కువ భయపడతారు. ఇన్నాళ్లూ బిడ్డను కాచిన మందు ఆగిపోయింది, ఇక అడ్డేది? ఆ ఖాళీలోకి మీ పరుగు వచ్చింది. మందు ఆగిన చోట మీరే మందయ్యారు. మొక్కుకైనా తీరే రోజంటూ ఒకటి ఉంటుంది. మీ పరుగుకు అది లేదు. 10 అయ్యాక 21, తర్వాత 100, ఇప్పుడు 42. అందుకే మోకాలు అరుస్తున్నా ఆపలేకపోతున్నారు.

ఇందులో పిచ్చితనం ఏమీ లేదు. పిల్లల క్యాన్సర్ గడిచిన ఇళ్లలో, చికిత్స అయిపోయిన ఏళ్ల తర్వాత కూడా ఆ దెబ్బ తాలూకు లక్షణాలు పిల్లల్లో కన్నా తల్లిదండ్రుల్లోనే ఎక్కువగా కనిపిస్తాయని పరిశోధనల్లో చాలాసార్లు తేలింది. బాబు ఫాలోఅప్‌కు వెళ్లినప్పుడు కౌన్సెలర్ ఉన్నారేమో అడగండి. అడిగేది వాడి కోసం కాదు, మీ కోసం. ఈ భయాన్ని నాకు రాసినంత సూటిగా వాళ్లకు చెప్పండి.

డాక్టర్‌ను కూడా తిన్నగా అడగండి: "మావాడికి తిరగబెట్టే అవకాశం ఇప్పుడెంత? ఏం కనిపిస్తే మీ దగ్గరికి రావాలి? ఏది పట్టించుకోనక్కర్లేదు?" ఈ రకం లుకేమియా తిరగబెడితే ఎక్కువగా చికిత్స జరుగుతుండగానో, ఆగిన తొలి రెండు మూడేళ్లలోనో తిరగబెడుతుంది, ఆ తర్వాత ఏటేటా ఆ ముప్పు తగ్గుతూ వస్తుంది. దానికీ మీరు పరుగెత్తిన కిలోమీటర్లకూ ఏ సంబంధమూ లేదు. ఇక ఆ ఫోన్ లైటు సంగతి. ఫుట్‌బాల్ ఆడే పిల్లాడి కాళ్ల మీద కమిలిన మచ్చ లేని రోజు ఉండదమ్మా. వెతికితే రోజూ ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇప్పుడు బాబు అడిగిన ప్రశ్న. నా దృష్టిలో మొత్తం ఉత్తరంలో ముఖ్యమైనది అదే. ఆ ఫోటో తీసినప్పుడు వాడికి ఆరో ఏడో ఏళ్లు, వద్దనే వయసు కాదు. ఇప్పుడు పదకొండేళ్లు, అడుగుతున్నాడు. మీకు ఆ గుండులో కనిపించేది వాడు గెలిచిన పోరాటం. వాడికి మాత్రం రేపు క్లాసులో ఎవరి ఫోన్‌లోనో తేలే తన బొమ్మ. ఫోటో చూస్తే విరాళాలు ఎక్కువ వస్తాయన్నది నిజమే కావచ్చు, అయినా తీసేయండి. "అడగకుండా పెట్టాను, తప్పు నాదే" అని వాడితో అనండి. తర్వాత వాడి గురించి ఏం చెప్పొచ్చో, ఏం చెప్పకూడదో వాడినే అడగండి. ఏమీ వద్దంటే మీ కథ చెప్పండి. వార్డు బయట కూర్చున్న అమ్మ కథ మీది, దాన్ని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మారథాన్ సంగతి మోకాలే తేల్చేసింది. ఆరు వారాలు ఆగండి. పేరును వచ్చే ఏడాదికి మార్చుకోవచ్చేమో నిర్వాహకులను అడగండి. డబ్బిచ్చినవాళ్లకు ఉన్నమాట రాయండి. వాళ్లు ఇచ్చింది పిల్లల కోసమే కాబట్టి అర్థం చేసుకుంటారు. 1980లో కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు, క్యాన్సర్ వల్ల ఒక కాలు తీసేసినా, కృత్రిమ కాలితో దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తి మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. మిగిలిన దూరం ఆయన పరుగెత్తలేదు. కానీ 1981 నుంచి ఏటా ఆయన పేరున జనం పరుగెత్తుతూనే ఉన్నారు. మీరు కాస్త కూర్చున్నా ఆ పిల్లల పని ఆగదు. చేతులు ఊరుకోకపోతే రక్తదానం చేసేవాళ్లను, ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్లను కూడగట్టండి. ప్లేట్‌లెట్లు 5 నుంచి 7 రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి ఇచ్చేవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

మీవారు "ఇంకెన్నాళ్లు" అన్నది నాకు విసుగులా వినిపించలేదు. ఆయన కూడా అదే వార్డులో కూర్చున్నారు కదా. మీ భయం ఆయనకు చెప్పండి. ఆయనకూ అలాంటిదే ఒకటి ఉండి ఉండొచ్చు.

చివరగా అమ్మాయి. తమ్ముడు మంచం పట్టేనాటికి ఆమెకు ఎనిమిదేళ్లు. ఇంట్లో పెద్దవాళ్లంతా ఆసుపత్రిలో ఉంటే ఆమెకు జడ ఎవరు వేశారు, హోంవర్క్ ఎవరు చూశారు, మీకు గుర్తుందా? చికిత్స అయిపోయాక అమ్మ తిరిగొస్తుందని చూసి ఉంటుంది. అమ్మ షూ వేసుకుని మళ్లీ బయటికే వెళ్లింది. పరుగు లేని ఈ ఆరు వారాల్లో పొద్దుటి పూట కొంత ఆమెకివ్వండి. విరాళాల ప్రస్తావన వద్దు, తమ్ముడి ప్రస్తావన వద్దు. వీలు చూసుకుని "అప్పుడు నీకెలా ఉండేదే?" అని అడగండి. వెంటనే చెప్పకపోవచ్చు. కొన్నాళ్లాగి మళ్లీ అడగండి.