ఒక సెమిస్టరు కోసం జర్మనీ వెళ్తున్నాను. ఫొటోలకు కొత్త కెమెరా కొనాలా? అందరూ పెట్టే ఫొటోలే కాకుండా ఏమేమి తీయవచ్చు?

మాదీ తిరుపతే, కొర్లగుంట. జర్మనీలో డ్రెస్డెన్ అనే ఊళ్లో ఎమ్మెస్సీ చదివాను. అక్కడ తీసిన ఫొటోలలో మా ఇంట్లో ఇప్పటికీ అడిగి చూసేవి ఏవో, హార్డు డిస్కులో మూలన పడి ఉన్నవి ఏవో నాకు బాగా తెలుసు. మీరు తిరుపతిలో డిగ్రీ చదువుతూ అక్టోబరులో బయలుదేరుతున్నానని, కెమెరా కోసం నాన్నగారిని అడగడానికి మొహమాటంగా ఉందని రాశారు కాబట్టి ముందు ఆ విషయమే చెబుతాను.

అడగకండి. చేతిలో ఉన్న ఫోను చాలు. ఆ డబ్బు అక్కడ రైలు టిక్కెట్లకు, మంచి చలికోటుకు పనికొస్తుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే లక్ష రూపాయల కెమెరా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. వెళ్లాక మనసు మరీ లాగితే పాత కెమెరా ఒకటి చూసుకోవచ్చు. డ్రెస్డెన్ అసలు కెమెరాల ఊరు. కినే ఎక్సాక్టా అనే కెమెరా 1936లో అక్కడే తయారైంది. తూర్పు జర్మనీ కాలంలో ప్రాక్టికా కెమెరాలు అక్కడి నుంచే దేశదేశాలకు వెళ్లాయి. ఎర్నెమాన్ వారి పాత కెమెరా ఫ్యాక్టరీలో ఇప్పుడు మ్యూజియం ఉంది. శనివారాల్లో ఎల్బే నది ఒడ్డున పాత సామాన్ల సంత జరుగుతుంది. గడియారాలు, పింగాణీ గిన్నెల మధ్య ఆ ప్రాక్టికాలు కుప్పగా కనిపిస్తాయి.

ఇక ఏమి తీయాలన్నది. ఎల్బే అవతలి ఒడ్డున ఒక చోటుంది. అక్కడ నిలబడితే పాత నగరం గోపురాలన్నీ నీళ్ల మీదుగా వరుసగా కనిపిస్తాయి. బెర్నార్డో బెలోట్టో అనే చిత్రకారుడు 1748లో ఆ దృశ్యాన్ని గీశాడు. ఇప్పుడు ఆ ఊరికి వచ్చిన ప్రతివారూ అక్కడ ఫోను ఎత్తుతారు. నేనూ ఎత్తాను, ఫొటో బాగానే వచ్చింది. ఇంట్లో వాళ్లు "బాగుంది" అని వేలితో పక్కకు జరిపేశారు. ఆ దృశ్యానికి నా అవసరం ఏమీ లేదు మరి.

అమ్మ అడిగేవి వేరు. వీడియో కాల్ చేసినప్పుడల్లా "బట్టలు ఎక్కడ ఉతుక్కుంటావు, ఎక్కడ ఆరేస్తావు? ఆ బియ్యం అన్నానికి పనికొస్తుందా? చెత్త ఎవరు తీసుకుపోతారు?" అని వరస పెట్టేది. మాటల్లో చెబితే నమ్మేది కాదు. అందుకని ఒక్కో ప్రశ్నకు ఒక్కో ఫొటో పంపడం మొదలుపెట్టాను. మా హాస్టలులో అందరికీ ఒకటే వంటగది. అల్మరాలో ఒక్కొక్కరికి ఒక్కో అర, అర అంచున గది నంబరు చీటీ. నా అరలో ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి, చింతపండు, పాత హార్లిక్స్ సీసాలో పోసిన సాంబారు పొడి. పక్క అరలో ఇటలీ అమ్మాయి పాస్తా పొట్లాలు, పై అరలో సిరియా అబ్బాయి జాతర్ మసాలా. తలుపులు రెండూ తెరిచి, కిటికీ వెలుతురు పడేటట్టు చూసి తీశాను. అమ్మ ఆ ఫొటోను పెద్దది చేసి సీసా సీసా చూసి, "కందిపొడి మూత సరిగా బిగించలేదు, చెమ్మ పడుతుంది" అని జవాబిచ్చింది. బెలోట్టో దృశ్యానికి ఇంత శ్రద్ధ దక్కలేదు.

నాన్నకు చెత్త డబ్బాలు నచ్చాయి. ప్యాకింగు కవర్లకు పసుపు, కాగితాలకు నీలం, వంటింటి చెత్తకు గోధుమ రంగు, మిగతావాటికి నలుపు. ఖాళీ ప్లాస్టిక్ సీసాను యంత్రంలో వేస్తే 25 సెంట్లు తిరిగి వస్తాయి. ఆ యంత్రం ముందు సంచులతో నిలుచున్న వాళ్ల వరుసను వెనక నుంచి తీసి పంపితే, ఆయన దాన్ని మా వీధిలో చాలామందికి చూపించారు. మీ ఇంట్లో వాళ్లు అడిగే ప్రశ్నలు వేరుగా ఉండవచ్చు. మొదటి వారం నుంచే వాటిని ఒక కాగితం మీద రాసుకోండి. సెమిస్టరంతా తీయవలసిన ఫొటోల జాబితా దానంతట అదే తయారవుతుంది.

పెద్ద కట్టడాలను వదిలేయమనడం లేదు, దగ్గరకు వెళ్లమంటున్నాను. డ్రెస్డెన్‌లో ఫ్రావెన్‌కిర్షె అనే చర్చి 1945 ఫిబ్రవరి బాంబు దాడుల్లో కూలిపోయింది. మళ్లీ కట్టి 2005లో తెరిచారు. శిథిలాల్లోంచి ఏరి పెట్టిన పాత రాళ్లు నల్లగా, కొత్తవి లేత పసుపుగా ఉంటాయి. చర్చి మొత్తం పట్టాలని దూరం జరిగితే ఆ తేడా అంత బాగా తెలియదు. పాత నల్ల రాయీ కొత్త రాయీ కలిసే చోట గోడను మాత్రమే తీయండి.

మనుషులను తీసేటప్పుడు మన ఊరి అలవాట్లు పక్కన పెట్టాలి. ఇక్కడ గాంధీ రోడ్డులో కెమెరా తీస్తే పూలమ్మే ఆమె కూడా చెంగు సర్దుకుని నవ్వుతుంది. జర్మనీలో 1907 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. ముఖం గుర్తుపట్టగలిగే ఫొటోను ఆ మనిషి అనుమతి లేకుండా నలుగురిలో పెట్టకూడదు. దృశ్యంలో ఒక మూలన పడినవారికి, ఊరేగింపుల్లో నడిచేవారికి మినహాయింపు ఉంది. చిన్నపిల్లల జోలికి మాత్రం అసలు పోవద్దు. "దార్ఫ్ ఇష్ ఐన్ ఫోటో మాఖెన్?" అని అడగడం నేర్చుకోండి, ఫొటో తీసుకోవచ్చా అని. భాష తడబడినా ఫర్వాలేదు, అడిగినందుకే సగం మంది మెత్తబడతారు. సంతలో ప్రాక్టికాలు అమ్మే ఒక పెద్దాయనను అలాగే అడిగాను. తాను ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశానని చెప్పి, చేతి తొడుగులు తీసి, మఫ్లరు కొసతో ఒక లెన్సు తుడిచి, ఆ కెమెరాను కంటికి ఆనించుకుని నా వైపే గురిపెట్టాడు. నేను ఆయనను తీస్తుంటే ఆయన నన్ను తీస్తున్నట్టు నటించాడన్నమాట. ముఖం సగమే కనిపిస్తుంది కానీ, నా దగ్గరున్న మనుషుల ఫొటోల్లో అంతకన్నా మంచిది లేదు.

వెలుతురు గురించి భయపడకండి. తిరుపతిలో ఉదయం తొమ్మిది దాటితే ఎండ నెత్తిన పడి ముఖాల మీద నల్లటి నీడలు వస్తాయి. అక్కడ డిసెంబరులో ఎనిమిదింటికి తెల్లవారి నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ కాస్త పగట్లోనూ సూర్యుడు నడినెత్తికి రాడు. మిట్టమధ్యాహ్నం కూడా మన ఏడున్నర నాటి నీరెండే. మబ్బు పట్టిన రోజుల్లో బయట తిరగబుద్ధి కాదు కానీ, ముఖాలు తీయడానికి అంత మంచి వెలుతురు మరొకటి లేదు. మంచు కురిసినప్పుడు ఫోను ఆ తెలుపును చూసి తికమకపడి ఫొటోను బూడిద రంగులోకి దించేస్తుంది. తెర మీద వేలు పెట్టి వెలుతురు కాస్త పైకి జరపండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, ఫోను లోపలి జేబులో పెట్టుకోండి. చేతిలో కెమెరా ఉంటే బయటి చలి నుంచి వెచ్చని గదిలోకి వచ్చే ముందే జిప్ కవరులో పెట్టి మూసేయండి. లేకపోతే లెన్సు మీద చెమ్మ పడుతుంది.

ఇంటికి పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తర్వాత ప్రింటు వేయించుకుంటే మసకగా వస్తుంది. ఫోను కాకుండా మరో చోట కూడా ఒక కాపీ ఉంచుకోండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మన ఊరి ఫొటోలు తీసుకుని వెళ్లండి. మీ ఊరు ఎలా ఉంటుందని అక్కడ వాళ్లు అడుగుతారు. శ్రీవారి ఆలయంలోకి ఫోనులు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు కదా. అంత పేరున్న గుడి లోపలి ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదంటే నా తోటి విద్యార్థులు వింతగా చూశారు. మిద్దె మీద నుంచి కనిపించే శేషాచలం కొండలు, చంద్రగిరి కోటలో రాజమహలు, మీ వీధి మలుపులో టీ కొట్టు, ఇవన్నీ తీసి పెట్టుకోండి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఫొటోలు మీ ఫోనులో ఉంటే చెరిపేయకండి. చీర కట్టి, పసుపు పూసుకున్న మగవాడి ఫొటో ఒకటి నా దగ్గర ఉంటే, మా వంటగదిలో వాళ్లంతా దాని చుట్టూ మూగి ఎవరు, ఎందుకు అని అడిగారు. మొక్కు అని చెప్పగలిగాను. జాతరలో రోజుకో వేషం వేస్తారు కదా, బైరాగి వేషం తర్వాత బండ వేషమా, తోటి వేషమా అన్నది తేలక ఇంటికి ఫోను చేశాను. చలికాలంలో అక్కడ రాత్రి ఎనిమిది అంటే ఇక్కడ పన్నెండున్నర. నానమ్మ లేచి కూర్చుని బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ వరుసంతా చెప్పి, "ఆ ఫొటో నాకూ పంపించు, చీర కట్టింది ఎవరింటి పిల్లవాడో చూస్తాను" అంది.