పాత ఇనుప ఐసుపెట్టెకు బీరు కుళాయి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పెదనాన్నగారు 1980లలో కువైట్ నుంచి తిరిగి వస్తూ తెచ్చిన ఇనుప ఐసుపెట్టె ఒకటి మా అటకమీద ఉంది. బయట ఎర్ర రంగు వేసిన రేకు, లోపల జింకు పూత పూసిన రేకు, రెండింటి మధ్య నురగలాంటి పదార్థం ఉన్నాయి. మూలల్లో తుప్పు పట్టింది, ఒక పక్క సొట్ట పడింది. మే నెలలో మా తమ్ముడి పెళ్లి. దీనికి ముందువైపు కుళాయి బిగించి, తోటలో స్నేహితులకు చల్లటి బీరు పట్టి ఇచ్చే పెట్టెగా మార్చాలనుకుంటున్నాను. ఏసీలు బాగుచేసే ఆయన లోపల రాగి గొట్టం చుట్టి ఇస్తానంటున్నారు. ఈ పని అవుతుందా? నురగ ఎక్కువ రాకుండా ఏం చేయాలి? (ఒక పాఠకుడు, రాజోలు)

జవాబు: నిక్షేపంగా అవుతుంది. అయితే రాగి గొట్టం మాత్రం వద్దని ఆ మెకానిక్ గారికి ఇప్పుడే చెప్పేయండి. బీరు పులుపు గుణం గల పానీయం. పైగా అందులో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. అది రాగి గొట్టంలో నిలిచినప్పుడు రాగి కొద్దికొద్దిగా కరిగి గ్లాసులోకి వస్తుంది. బీరు తగిలే ప్రతి భాగమూ, అంటే చుట్టగొట్టం, కుళాయి, పెట్టె గోడలోంచి వచ్చి కుళాయిని గొట్టానికి కలిపే షాంకు, అన్నీ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. పైన మెరుగు పూసిన ఇత్తడి కుళాయిలు చవకగా దొరుకుతాయి కానీ, పూత అరిగాక లోపలి ఇత్తడి బయటపడుతుంది.

ముందు పెట్టె సంగతి చూద్దాం. పిడులు, గొళ్లెం, మూత బందులు ఊడదీసి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. తుప్పు ఉన్నచోట తీగ బ్రష్షుతో గీకి, తెల్ల వెనిగర్‌లో తడిపిన గుడ్డను ఒక రాత్రి కప్పి ఉంచితే చాలావరకు వదులుతుంది. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి, అదే రోజు రెడాక్సైడ్ పూత వేయాలి; సముద్రం దగ్గరి మీ ఊరి ఉప్పుగాలికి శుభ్రం చేసిన రేకు తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. ఈ వెనిగర్ వైద్యం బయటి రేకుకే. లోపలి రేకుమీద పోస్తే జింకు పూతే కరిగిపోతుంది. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఎమరీ కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

సొట్టను లోపలినుంచి కొట్టి సరిచేయడానికి వీలుండదు, ఎందుకంటే రెండు రేకుల మధ్య ఉష్ణ నిరోధక పదార్థం నిండి ఉంటుంది. టింకరింగ్ షెడ్డులో మెటల్ పుట్టీ పెట్టించి, నున్నగా అరగదీయించి, ఎనామిల్ రంగు పలుచగా రెండు మూడు పూతలు కొట్టించండి. వెల్డింగుకు మాత్రం ఒప్పుకోవద్దు. ఆ వేడికి మధ్యనున్న నురగ కాలుతుంది, జింకు పొగ ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. నా మటుకు నాకైతే ఆ సొట్టను అలాగే వదిలేయడమే బాగుంటుందనిపిస్తుంది. పెదనాన్నగారి పెట్టె అని గుర్తుపట్టడానికి అదొక్కటైనా ఉండాలి కదా.

ఇక అసలు పనికి వద్దాం. బీరు కెగ్, అంటే బీరు నింపి ఉంచే పీపా, పెట్టెలోపల ఉండదు, పక్కన ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు నుంచి రెగ్యులేటరు ద్వారా వచ్చే ఒత్తిడి కెగ్‌లోని బీరును పైకి నెడుతుంది. ఆ బీరు పెట్టెలో ఐసునీళ్లలో మునిగి ఉన్న సుమారు 15 మీటర్ల సన్నటి స్టీలు చుట్టగుండా ప్రయాణించి, కుళాయి చేరేలోపు చల్లబడుతుంది. చుట్ట వాడేటప్పుడు ఐసుతో పాటు నీళ్లు తప్పకుండా పోయాలి, లేకపోతే ఐసుముక్కల మధ్య ఖాళీల్లో గాలి చేరి గొట్టానికి చల్లదనం అందదు. చుట్టకు బదులు అల్యూమినియం కోల్డ్‌ప్లేటు (లోపల బీరు గొట్టం ఉన్న లోహపు దిమ్మ, దానిమీద ఐసు పేరుస్తారు) వాడేవారు దీనికి విరుద్ధంగా కరిగిన నీటిని ఎప్పటికప్పుడు కింది రంధ్రంలోంచి వదిలేయాలి. మన మే నెల ఎండకు చుట్టే మేలు.

కుళాయి రంధ్రాన్ని పెట్టె పైసగంలో, కింద గ్లాసు పట్టేంత ఎత్తులో గుర్తుపెట్టండి. షాంకు కొలత చూసుకున్నాకే హోల్‌సా (డ్రిల్లుకు తగిలించి గుండ్రటి రంధ్రం కోసే రంపం) కొనండి. ముందు సన్నటి రంధ్రం వేసి, తర్వాత బయటినుంచి ఒక రేకును, లోపలినుంచి రెండో రేకును కోస్తే అంచులు చిరగవు. కోసిన అంచుకు రెడాక్సైడ్ పూసి, చుట్టూ సిలికాన్ పెట్టడం మరవకండి, తుప్పు మళ్లీ మొదలయ్యేది అక్కడే. మూత చుట్టూ పాత రబ్బరు ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఫ్రిజ్ తలుపు గాస్కెట్‌ను కొలతకు కోసి అతికించండి.

నురగ గురించి మీరు అడిగింది ముఖ్యమైన ప్రశ్న. నురగ కనబడగానే అందరూ రెగ్యులేటరు తిప్పి ప్రెజరు తగ్గిస్తారు. దానివల్ల నురగ ఇంకా పెరుగుతుంది. బీరులో గ్యాసు కరిగి ఉండాలంటే దాని ఉష్ణోగ్రతకు తగిన ఒత్తిడి కావాలి. మామూలు లాగర్ బీరుకు 20 డిగ్రీల దగ్గర సుమారు 28 పి.ఎస్.ఐ. (రెగ్యులేటరు మీద ఒత్తిడిని చూపే కొలత) అవసరమైతే, 38 డిగ్రీల ఎండలో ఉన్న కెగ్‌కు అది 40 దాటుతుంది. అంతకన్నా తక్కువ పెడితే గ్యాసు దారిలోనే విడిపోయి చుట్టంతా నురగతో నిండుతుంది. కాబట్టి కెగ్‌ను కూడా ముందురోజు రాత్రి నుంచే ఐసు నింపిన తొట్టిలో కూర్చోబెట్టి, పైన తడి గోనె కప్పి, రెగ్యులేటరును 25 నుంచి 30 పి.ఎస్.ఐ. మధ్య ఉంచండి. అంత ఒత్తిడిని చుట్ట పొడవే అణచివేస్తుంది కాబట్టి కుళాయి దగ్గర బీరు చిమ్మదు. కుళాయిని సగం కాక పూర్తిగా తెరవాలి. మొదటి గ్లాసు ఎలాగూ నురగే వస్తుంది, పారబోయండి.

ఐసు లెక్క తేలికే. ఒక లీటరు బీరును 30 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దించడానికి మూడోవంతు కిలో ఐసు కరగాలి. 20 లీటర్ల కెగ్‌కు ఆరున్నర కిలోలు. పెట్టె గోడల్లోంచి వచ్చే వేడికి, కెగ్ తొట్టికి కలిపి దానికి మూడింతలు తెచ్చుకోండి. చేపలకు, రొయ్యలకు ఐసు ఇచ్చే ఫ్యాక్టరీ దిమ్మలు చుట్ట బయటే ఉంటాయి కాబట్టి పనికొస్తాయి, కానీ ఆ ఐసును గ్లాసులో వేయకూడదు. చల్లదనం పెరుగుతుందని ఉప్పు కలపకండి. ఉప్పు ఐసు సున్నాకన్నా చాలా కిందకు దిగి, గొట్టంలోనే బీరును గడ్డకట్టిస్తుంది, పెట్టె లోపలి జింకు పూతనూ తినేస్తుంది.

సిలిండరు విషయంలో పొదుపు చూపవద్దు. ఆహార పదార్థాలకు వాడే గ్యాసు నింపినదే తీసుకోండి, వెల్డింగుదో మంటలార్పేదో తెచ్చి తగిలించకండి. మెడ మీద చివరి పరీక్ష తేదీ చెక్కి ఉంటుంది, 5 ఏళ్లు దాటితే వద్దనండి. నిలువుగా చెట్టుకు కట్టి, నీడలోనే ఉంచాలి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో పెట్టడం ప్రమాదం. చేతిపంపుతో గాలి కొట్టే పద్ధతి 15 మీటర్ల చుట్టకు చాలదు, గాలి తగిలిన బీరు మరునాటికి పాడవుతుంది కూడా.

పెళ్లి హడావుడి తగ్గాక అనుకోకుండా ఆ రాత్రే చుట్టలోకి మంచినీళ్లు పంపి కడగండి. తర్వాత బీరు గొట్టాలకోసం అమ్మే క్షార ద్రావణం, మళ్లీ నీళ్లు, చివరికి గ్యాసుతో ఊది ఆరబెట్టడం. బ్లీచింగ్ నీళ్లు స్టీలుకు గుంటలు పెడతాయి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. రాష్ట్రంలో మద్యం 1968 నాటి ఎక్సైజు చట్టం పరిధిలోకి వస్తుంది. వేడుకలో మద్యం పోయడానికి ముందుగా ఎక్సైజు అధికారుల నుంచి అనుమతి తీసుకుని, కెగ్‌ను లైసెన్సున్న చోటే కొని, రసీదు దగ్గర ఉంచుకోండి. గోదావరి దాటితే యానాం ఉందిగా అని అక్కడినుంచి తేవాలనుకునేవారు ఉంటారు. అది పుదుచ్చేరి పన్ను కట్టిన సరుకు, ఇటు తేవడం నేరం. 21 ఏళ్లు నిండనివారికి గ్లాసు ఇవ్వకండి.

ప్రశ్న: పాత ఇనుప పెట్టె మాకు లేదు. రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టెతో ఇదే పని చేయవచ్చా? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: చేయవచ్చు. ఐసు నిలపడంలో అది ఇనుప పెట్టెకు తీసిపోదు. కానీ కుళాయి లాగినప్పుడల్లా థర్మోకోల్ నలిగి రంధ్రం పెద్దదవుతుంది. లోపలా బయటా చెరో ప్లైవుడ్ ముక్క పెట్టి, షాంకును వాటి మధ్య బిగించండి. రొయ్యల వాసన ఉన్న పెట్టె మాత్రం వద్దు.

ప్రశ్న: బీరు మాకు అక్కరలేదు. ఇలాంటి పెట్టెను వేసవిలో మా వీధి చలివేంద్రానికి వాడుకోవచ్చా? మంచినీళ్లు, మజ్జిగ రెండూ ఇస్తుంటాం. (ఒక పాఠకురాలు, నరసాపురం)

జవాబు: నీళ్లకు చక్కగా పనికొస్తుందమ్మా. గ్యాసు అవసరం లేదు. డ్రమ్మును ఎత్తులో పెట్టినంత మాత్రాన సన్నటి చుట్టలోంచి నీళ్లు చాలినంత వేగంగా రావు కాబట్టి, ఆర్వో యంత్రాల్లో వాడే చిన్న పంపు, కుళాయి కట్టగానే దాన్ని ఆపే ప్రెజర్ స్విచ్ పెట్టించుకోండి. అప్పుడు ఐసు నీళ్లలో పడదు, ఏ ఫ్యాక్టరీ ఐసైనా భయం ఉండదు. మజ్జిగను మాత్రం ఇందులోకి పంపకండి. మీగడ తరకలు చుట్ట మధ్యలో ఇరుక్కుంటే 15 మీటర్ల గొట్టంలోకి ఏ బ్రష్షూ వెళ్లదు, ఎండకు పూటలోనే వాసన పడుతుంది. మజ్జిగకు మూత ఉన్న స్టీలు డ్రమ్మును విడిగా ఉంచి, పెట్టెలో మిగిలిన ఐసునీళ్లలో దాన్ని నిలబెట్టండి.