ఎనిగ్మా అంతుపట్టని పది నెలలు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన ఎనిగ్మా యంత్రపు రహస్య లిపిని ఛేదించడం వల్లనే అట్లాంటిక్ సముద్రంలో జర్మన్ జలాంతర్గాముల జాడ బ్రిటిష్ వారికి తెలిసేదని చదివాను. మరి ఆ లిపి అంతుపట్టని కాలంలో వారు ఏం చేశారు?

జవాబు: అటువంటి కాలం నిజంగానే వచ్చింది. 1942 ఫిబ్రవరి 1న జర్మన్ నౌకాదళం అట్లాంటిక్ జలాంతర్గాములకు కొత్తగా నాలుగు చక్రాల ఎనిగ్మాను ఇచ్చింది. దానితో రహస్య లిపులను ఛేదించే బ్రిటిష్ కేంద్రం బ్లెచ్లీ పార్కు నిపుణులకు ఆ సందేశాలు డిసెంబరు దాకా కొరుకుడుపడలేదు. అయినా లండన్‌లో బ్రిటిష్ నౌకాదళ ప్రధాన కార్యాలయమైన అడ్మిరల్టీ వారి జలాంతర్గాముల ఆచూకీ విభాగం ఒక్క రోజు కూడా పని ఆపలేదు. దాని అధిపతి రోజర్ విన్ వృత్తిరీత్యా బారిస్టరు. చిన్ననాట పోలియో సోకి కుంటుతూ నడిచే ఆయనకు నావికుడి అనుభవం లేకపోయినా, అరకొర సాక్ష్యాలను తూచి నిర్ణయానికి రావడం కోర్టులోనే అలవడింది. నా దృష్టిలో ఆ పనికి అంతకన్నా మంచి శిక్షణ లేదు.

ఓడల బిడారు మీదికి జలాంతర్గాములను గుంపుగా తోలడానికి జర్మన్ సేనాని డోనిట్జ్‌కు వాటి నుంచి తరచు రేడియో కబుర్లు అందవలసి ఉండేది. సందేశంలో ఏముందో తెలియకపోయినా, అది ఏ దిక్కు నుంచి వస్తున్నదో తీరంలోని కేంద్రాలు పసిగట్టేవి. వేర్వేరు కేంద్రాల నుంచి గీసిన గీతలు పటం మీద కలిసిన చోటికి అటూ ఇటూ జలాంతర్గామి ఉన్నట్టు లెక్క. పైగా రేవుల దగ్గర వాటికి కాపలా వచ్చే చిన్న ఓడలు పాత ఎనిగ్మానే వాడుతుండడంతో, ఏది ఎప్పుడు బయలుదేరిందో, ఎప్పుడు తిరిగి వచ్చిందో తెలిసేది. నడిమధ్య వారాల ప్రయాణాన్ని విన్ అంచనా కట్టి, దాన్నే ప్రస్తుతానికి నిజమనుకొని ఓడలను దారి మళ్లింపజేసేవాడు. కొత్త ఆధారం దొరికితే ఆ అంచనాను వెంటనే దిద్దుకొనేవాడు.

ఆ అంచనాలు అన్నివేళలా ఓడలను కాపాడలేదు. అదే కాలంలో జర్మన్లు బ్రిటిష్ బిడారుల సంకేతాలను చదువుతుండడం నష్టాన్ని మరింత పెంచింది.

1942 అక్టోబరు 30న మధ్యధరా సముద్రంలో మునుగుతున్న యు-559 అనే జలాంతర్గామిలోకి ఫాసన్, గ్రేజియర్ అనే ఇద్దరు నావికులు దిగి సంకేత పుస్తకాలను పైకి అందించి, దానితోపాటే మునిగిపోయారు. వాటిని అందుకొన్న టామీ బ్రౌన్ ఓడ క్యాంటీనులో పనిచేసే 16 ఏళ్ల కుర్రవాడు. ఆ పుస్తకాల సాయంతో డిసెంబరు 13న లిపి మళ్లీ విడివడి, చదవగలిగిన సందేశాలు విన్ బల్ల మీదికి రావడం మొదలైంది.